మెట్ట జాలరి

మొన్న పరుపు కొందామని మా ఆవిడా నేనూ ఒక పెద్ద షాపుకి వెళ్ళాం. సరుకు నచ్చినట్టు ముఖంలో కనపడకూడదన్నది నాకు ఉగ్గుతో పోసిన విద్య. కూర్మన్నపాలెం జంక్షన్లో మా నాన్నది కిరాణా కొట్టు, ఆ పక్కనే చిన్నాన్నది ఇనప సామాన్ల కొట్టు, ఎదురుగా మేనత్తది గాజుల కొట్టు. అన్నప్రాశన నాడు నా ముందు పుస్తకం, కత్తి, బంగారం పెడితే నేను వాటిలో ఏదీ ముట్టుకోకుండా, అవి పెట్టిన పళ్ళెం పట్టుకున్నానట. అన్నీ కలిపి ఎంతకిస్తారన్నట్టు.

కాబట్టి ఆ షాపులో కూడా పాచిపోయిన చట్నీ వాసన చూసినవాడిలా ముఖం పెట్టి, "ఇంతకంటే మంచివి లేవా?" అంటూ నిలబడ్డాను. అంతా సవ్యంగా నడుస్తోంది. ఈలోగా నా రెండు చేతులూ నాకు చెప్పకుండా పరుపు మూల మీదకి వెళ్ళాయి. ఒంటి బరువంతా వేసి నొక్కి, టక్కున వదిలి, వంగి చూశాను. అది లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.

"సార్, అలా కాదండి. పడుకుని చూడండి" అన్నాడు అమ్మేవాడు నవ్వాపుకుంటూ.

మా ఆవిడ నవ్వలేదు. నా చేతుల వంకే చూసి, "ఆయన పోయి నెల అవలేదు. అప్పుడే మీ సేతుల్లోకి వచ్చేసినాడేటండీ?" అంది.

ఆ తర్వాత నాకు బేరం రాలేదు. పరుపూ రాలేదు. అప్పట్నుంచీ కొట్లో కూర్చోలేకపోతున్నాను. కౌంటర్లోంచి లేవడం, గుమ్మం దాకా వెళ్ళడం, తిరిగి రావడం. అది కూడా ఆయన అలవాటే.

ఆయన లారీ మనిషి. సొంత లారీ, సొంత డ్రైవింగు. ఊరు జాలరిపేట. కంట పడ్డ ప్రతి బండి దగ్గరా ఆగి, దాని మూల మీద రెండు అరచేతులూ ఆన్చి నొక్కి వదిలేవాడు. వదిలాక అది ఎంతసేపు ఊగుతుందో చూసేవాడు. వెంటనే ఆగితే "మంచి బండి" అని దాని బుగ్గ నిమిరేవాడు. ఊగుతూ ఉంటే చుట్టాల పిల్లాడు చదువుకోవట్లేదని తెలిసినట్టు మొహం పెట్టేవాడు. ఆటోలు, కార్లు, జామపళ్ళ బళ్ళు, మా కొట్లో బల్ల, దేన్నీ వదల్లేదు. ఒకసారి ఒక డాక్టరుగారి కారు నొక్కితే అది కుయ్యోమని అరిచి వీధినంతా లేపింది. "సూసినావా బావ, ఊగుతాదని ఒప్పుకోడానికి దానికెంత సిగ్గో" అన్నాడు. మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు పలకరించడానికొచ్చి, పళ్ళు బల్ల మీద పెట్టి, నాన్న పడుకున్న మంచాన్నే నొక్కాడు.

నాన్న ఉలిక్కిపడి, "ఎవర్రా ఈయన?" అన్నాడు.

"భయం లేదు మావా. మంచం గట్టిదే" అన్నాడు ఆయన. తనకి కావలసిన కబురు అదే కాబట్టి నాన్నకి కావలసిందీ అదే అనుకున్నాడు.

కూర్చోవడం ఆయన వల్లయ్యేది కాదు. కొట్లోకొస్తే టీ గ్లాసు పట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగేవాడు. మాట్లాడాలంటే నేను మెడ అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఆయన వెళ్ళాక నాకు మెడనొప్పి మిగిలేది. తను చనిపోయిన రోజు మధ్యాహ్నం అన్నం తిని, లారీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. కూర్చున్నాడన్నప్పుడే ఇంట్లోవాళ్ళకి అనుమానం రావలసింది.

మా పరిచయం ఆటోనగర్లో నా విడిభాగాల కొట్లో మొదలైంది. ఒకరోజు గుమ్మంలోంచే, "బావ, ఊగకుండా ఏటున్నాది నీ కాడ?" అన్నాడు.

"ఏ బండికి?"

"బండి సంగతి తరవాత. ఊగకుండా ఏటున్నాదో సెప్పు."

బయటికొచ్చి చూశాను. ముందుకి పొడవాటి ముక్కున్న పాతకాలం లారీ. ఇప్పుడలాంటివి సినిమా షూటింగులకి తప్ప రోడ్డు మీదకి రావు. తలుపు గడియ విరిగితే నైలాను తాడుతో కట్టాడు. నిలబడిన చోటే ఒక పక్కకి ఒరిగి, పక్కింటి మాటలకి చెవి వంచిన ముసలమ్మలా ఉంది.

లారీ బరువు చక్రాల మీదకి దిగే చోట విల్లులా వంచిన ఉక్కు పట్టీలు దొంతరగా పేర్చి బిగిస్తారు. దాన్ని మేం కమాను కట్ట అంటాం. ఆయన కట్టలు అలిసిపోయాయి. ప్రతి కట్టకీ కొత్త పట్టీలు కలిపి బిగించమని చెప్పి, ధర చెప్పాను. చెప్పిన ధరలో ఆయన తగ్గించడానికీ, నేను ఏడవడానికీ, ఇద్దరం మధ్యలో కలుసుకోవడానికీ చోటు ఉంచాను. అది మర్యాద.

"సరే" అన్నాడు.

మొదటి మాటకే సరే అంటే మా ఇంట్లో పుట్టినవాడికి మొహం మీద తలుపేసినట్టు. ఇంకా ఎక్కువ చెప్పాల్సిందేమోనన్న బెంగతో ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అయితే వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"ధర నువ్ సెప్పిందే. గాని బిగించినాక నువ్వూ బండెక్కాల. జాలరిపేట కాణ్ణించి రుషికొండ దాకా. ఊగలేదని నీ నోటితో నువ్వే సెప్పాల. ఊగితే సరుకు వాపసు."

కొట్టువాడిని ఎవడు లారీ ఎక్కిస్తాడులే అని తలూపాను. తర్వాత వారం కొట్టు ముందు హారన్ మోగింది. బేరంలో నన్ను అంత శుభ్రంగా ఓడించినవాడు అంతకుముందు లేడు, తర్వాత రాలేదు.

ఆ మొదటి ప్రయాణంలో లారీ ఊగలేదు. ఎగిరింది. పట్టీలు ఎక్కువై కట్టలు బిగుసుకుపోయాయి. ఖాళీ లారీ బరువుకి అవి కాస్తయినా వంగలేదు. బీచి రోడ్డులో ఒక్కో అతుకు దగ్గరా నా తల క్యాబిన్ కప్పుని పలకరించింది.

"ఊగిందేటి?" అని అరిచాడు.

"లేదు. ఎగిరింది!"

"ఎగిరితే వాపసని సెప్పలేదు కదా నాను?"

"లేదు, బేరంలో ఎగరడం మాట రాలేదు" అన్నాను, ప్రాణం పోతున్నా సరుకు వాపసు రాకూడదు కాబట్టి.

"మరైతే తప్పు నాదే" అని ఒప్పేసుకున్నాడు. ఈ మనిషితో వ్యాపారం కష్టమని అప్పుడర్థమైంది.

రుషికొండ దగ్గర ఆపి దిగాం. వచ్చినవాళ్ళంతా సముద్రం వైపు తిరిగి ఫోటోలు దిగుతున్నారు. ఆయనొక్కడే సముద్రానికి వీపు పెట్టి, కొండని చూస్తూ నిలబడ్డాడు. ఎందుకలా అనడిగితే కాళ్ళు మార్చుకుంటూ చెప్పాడు.

"నాకు అల సూస్తే సాలు బావ, కడుపులోది నోట్లోకొచ్చేత్తాది. సిన్నప్పుడు మా అయ్య ఏటకి తీసుకెల్తే ఒడ్డు దాటకముందే మొదలెట్టినాను. అల్లం పెట్టినారు, నిమ్మకాయ పెట్టినారు, నడుముకి తాడు కట్టి కూకోబెట్టినారు. ఏటి సేసినా ఆగలేదు. వలలో పడ్డ సేపల కన్నా నాను కక్కిందే ఎక్కువని మా అయ్య పేటంతా సెప్పినాడు. అప్పుణ్ణించి నాను మెట్ట జాలరినే."

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు గాని, నవ్వు సగంలోనే నడవడం మొదలుపెట్టాడు.

"మా ఇంట్లో బోటు మీద సెయ్యి ఎయ్యనోడు లేడు బావ. ఒకడు వల లాగుతాడు, ఒకడు ఇంజను సూత్తాడు. అమ్మ ఇప్పటికీ బుట్టెట్టుకుని సేపలమ్ముతాది. నాకే ఏటీ లేదు. ఇప్పుడు మా అన్న కొత్త బోటు సేయిత్తన్నాడు, మీ కూర్మన్నపాలెం అవతల షెడ్డులో. నీళ్ళలోకి నాను దిగలేను. నీళ్ళ దాకా అయినా నానే తేవాల. నా బండి మీదే."

"తెస్తానని చెప్పు."

"సెప్పినాను. నీ బండెక్కిత్తే బోటు రోడ్డు మీదే మునిగిపోద్దన్నాడు."

అన్నగారిది ఒట్టి ఎకసెక్కం కాదు. వాళ్ళమ్మకి ఒక పట్టింపు ఉంది. కొత్త బోటు ముక్కు దగ్గర చెంబు నిండా పసుపునీళ్ళు పెట్టి తీసుకురావాలి. ఒడ్డున ఆవిడ తన చేత్తో ఆ నీళ్ళు పోశాకే బోటు సముద్రాన్ని తాకాలి. దారిలో వాటంతటవే ఒలికితే బోటు వెనక్కి వెళ్ళిపోవాలి, మళ్ళీ మంచిరోజు చూసుకోవాలి. ఆమె పెనిమిటి మొదటి బోటు నుంచీ అలాగే జరిగింది. నిటారుగా నిలబడే లారీలు ఊళ్ళో బోలెడుంటే, పక్కకి ఒరిగే తమ్ముడి లారీకి ఆ చెంబు ఎవరిస్తారు?

ఆయన ఊగకుండా ఏముందని ఎందుకడిగాడో నాకప్పుడు తెలిసింది. నేను వట్టి ఉక్కు అమ్మాను.

మరోసారి హారన్ మోగేసరికి మొహం వెలిగిపోతోంది. "ఏటీ కొనక్కర్లేదు బావ. ఉపాయం నా ఒంట్లోనే ఉన్నాది. బేగి ఎక్కు." చూస్తే లారీలో కుడివైపు అంచు పొడుగునా ఇసక బస్తాలు. గాలి ఏ వైపు నుంచి కొడితే ఆ వైపుకి బరువు జరిపి తెరచాప బోటు నిలబెడతారట, వాళ్ళ తాతలు చేసిన పని. రుషికొండ వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు, గాలీ కుడివైపు నుంచే. అందుకని బస్తాలు కుడివైపు.

నిజం చెప్పాలి, వెళ్ళేటప్పుడు లారీ పెళ్ళికూతురిలా నడిచింది. ఆయన పాట అందుకున్నాడు. నేను కూడా తాళం వేశాను. రుషికొండలో వెనక్కి తిప్పాం.

తిప్పాక సముద్రం ఎడమవైపుకి వచ్చింది. గాలి ఎడమవైపుకి వచ్చింది. బస్తాలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

లారీ కుడివైపుకి ఒరిగింది. మలుపులో ఇంకాస్త ఒరిగింది. ఎదురొచ్చే బైకులవాళ్ళు మమ్మల్ని చూసి వాళ్ళే దారిచ్చి దిగిపోయారు. ఒరగడం, లేవడం, ఒరగడం. కైలాసగిరి కిందకి వచ్చేసరికి నా పొద్దుటి ఇడ్లీలు పైకి రావడం మొదలుపెట్టాయి. "ఆపు" అన్నాను. ఆపాడు. రోడ్డు పక్కన వంగిపోయాను.

ఆయన పరుగెత్తుకొచ్చి నా నుదురు పట్టుకున్నాడు. ఎంత ఆనందమో ఆ గొంతులో! "అదీ! అదీ బావ! ఇప్పుడు తెలిసిందేటి నా బతుకు?" తన ఉపాయం పాడైపోయిందన్న దిగులు కంటే, తన కడుపు బాధ లోకంలో ఇంకొకడికి అర్థమైందన్న సంబరమే ఎక్కువ. సోడా కొట్టించి తాగించాడు. ఆ తర్వాత బస్తాల చుట్టూ తిరిగాడు.

"తాతలు బోటు వెనక్కి తిప్పినప్పుడు బరువు కూడా అటు జరిపేవోళ్ళు గావాల" అన్నాడు చివరికి.

"అంతే అయ్యుంటుంది" అన్నాను, మూతి తుడుచుకుంటూ.

ఆయనకి దారి బస్సులో దొరికింది. ఎవరింటికో అరకు వైపు వెళ్తూ ఘాట్ రోడ్డు మలుపుల్లో నిలబడి ప్రయాణం చేశాడు. నిలబడటం ఆయనకి మామూలే. ఆ బస్సు ఒరగలేదు, ఎగరలేదు, ఆయనకి కడుపులో తిప్పలేదు. దిగగానే చుట్టాలింటికి వెళ్ళకుండా బస్సు కిందకి దూరాడు. కండక్టరు కాళ్ళు పట్టుకుని లాగుతున్నా బయటికి రాకుండా నాకు ఫోను చేశాడు.

"బావ! రెండు సక్రాలకీ కలిపి అడ్డంగా వొంపు కడ్డీ ఒకటున్నాది! ఏటది?"

వెనకనుంచి కండక్టరు: "ముందు నువ్వు బయటికి రావయ్యా! బస్సు తియ్యాలి!"

అది బస్సులకి ఉండే స్టెబిలైజర్ కడ్డీ. బండి ఒక పక్కకి వాలబోతే అది మెలిపడి రెండో పక్కని కూడా పట్టి లాగుతుంది. ఇక అప్పుడు నేను చేసిన పని మా చిన్నాన్న వింటే నన్ను కొట్టు గుమ్మం ఎక్కనివ్వడు. నేనమ్మిన పట్టీలు నేనే దగ్గరుండి తీయించాను. బరువు మోయడానికి ఎన్ని కావాలో అన్నే ఉంచి, అరిగిపోయిన రబ్బరు బుష్‌లు మార్పించి, వెనక చక్రాలకి, లారీ పుట్టినప్పుడు లేని, ఊపు ఆపే షాకబ్జర్లు పెట్టించాను. ఒక పాత బస్సు తాలూకు కడ్డీ తుక్కు కొట్లో దొరికింది. దానికోసం నేను చేసిన బేరం చూడ్డానికి పక్క కొట్లవాళ్ళు పని ఆపి వచ్చారు. లాభం నాది కాని సరుకుకి అంత ఒళ్ళు మరిచి బేరం చేయడం నా జన్మలో అదొక్కసారే. ఆయన మాత్రం వెల్డింగు షాపులో నిప్పురవ్వల మధ్య అటూ ఇటూ తిరుగుతూ, "బావ, సరే అనేయ్. బావ, సరే అనేయ్" అని నా ప్రాణం తీశాడు.

బిగించాక లారీ మూల నొక్కాడు. దిగింది, లేచింది, ఆగింది. మళ్ళీ నొక్కాడు. నాలుగు మూలలూ తిరిగి నొక్కాడు. తర్వాత నా వైపు చూశాడు. నా బుగ్గ కూడా నిమరాలో వద్దో తెలియనట్టు చేతులు గాల్లో ఆడించాడు.

అన్నగారు వచ్చి చూశాడు. తలుపంత మనిషి, మాట తక్కువ. లారీ వెనక ఎక్కి, బోటు మీద నిలబడినట్టు కాళ్ళు దూరంగా పెట్టి, చేతులు కట్టుకుని, "నడుపు" అన్నాడు. పేట చుట్టూ తిప్పి తెచ్చాక దిగాడు. కట్టుకున్న చేతులు ఇంకా విప్పలేదు. పట్టుకోవలసిన అవసరం రాలేదన్నమాట.

"ఎల్లుండి షెడ్డు కాడికి తే" అన్నాడు. అంతే.

ఆ రోజు నేను కొట్టు మూసి వెళ్ళాను. పాత టైర్లు పరిచి, బోటు ఎక్కించి, తాళ్ళతో కట్టారు. పసుపు రాసిన బోటు ముక్కు క్యాబిన్ మీదుగా ముందుకి చూస్తోంది. వాళ్ళమ్మ చెంబు నిండా, అంచుదాకా నీళ్ళు నింపి పైకి అందించి, తను ఆటోలో ముందుగా ఒడ్డుకి బయల్దేరింది. అన్నగారు దాని పక్కనే కూర్చున్నాడు. ముట్టుకోకూడదు. కాపలా మాత్రమే.

నేను క్యాబిన్లో ఆయన పక్కన. జీవితంలో మొదటిసారి ఆయన కాళ్ళు కదలడం లేదు. పెడల్ మీద పాదం అడుగుకి అతికించినట్టుంది. గాజువాకలో జనం, స్పీడు బ్రేకర్లు, ఫ్లైఓవరు మీద గాలి. గాలికి బోటు తాళ్ళు గుంయ్‌మన్నాయి గాని లారీ తల తిప్పలేదు. ఊళ్ళోకి వచ్చాక ఒక ఆటోవాడు ఉన్నట్టుండి అడ్డంగా దూరాడు. బ్రేకు పడింది. లారీ ముక్కు కిందకి వంగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. స్టీరింగు ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాడు! నేను తిట్టడానికి నోరు తెరిచి, పైనుంచి ఏం వినపడుతుందోనని మూసుకున్నాను.

క్యాబిన్ కప్పు మీద అరచేత్తో ఒక్క దెబ్బ.

"ఏటన్నా?" అన్నాడు ఆయన.

"పోనీ! ఏటైందని ఆగినావ్?" అన్నాడు అన్న పైనుంచి.

జాలరిపేట ఒడ్డున అమ్మని ఇద్దరు మనవలు లేపి పట్టుకుంటే ఆవిడ చెంబులోకి తొంగి చూసింది. వేలు ముంచి చూసింది, కళ్ళు సరిగా ఆనవు కాబట్టి. "ఎలగిచ్చినానో అలగే ఉన్నాది" అంది. నీళ్ళు తన చేత్తో బోటు ముక్కు మీద పోసింది. మగవాళ్ళంతా కేకలేస్తూ బోటుని భుజాలమీంచి ఇసక మీదికి, ఇసక మీంచి నీళ్ళలోకి జరిపారు.

ఆయన లారీ దగ్గరే ఉండిపోయాడు. అలవాటు ప్రకారం సముద్రానికి వీపు.

"ఒరే, ఏటలగ నిలబడ్డావ్? ఎక్కు" అన్నాడు అన్న, మొలలోతు నీళ్ళలోంచి.

"నానా?"

"నువ్వు కాపోతే నీ బండా? ఎక్కరా మెట్ట జాలరీ!"

ఒడ్డంతా గొల్లున నవ్వింది. ఆయన ఒక్క క్షణం నా మొహం చూశాడు. నేను బేరాల మొహం పెట్టలేకపోయాను. లారీ తాళం నా చేతిలో పెట్టి, లుంగీ ఎగ్గట్టి, సముద్రం వైపు తిరిగి, పరుగెత్తాడు.

మొదటి అల దాటగానే మొదలైంది. ఒడ్డుకి కనపడేలా వంగి కక్కాడు. అన్నదమ్ములు వీపు మీద చరుస్తూ నవ్వుతున్నారు. తలెత్తి మూతి తుడుచుకుని, ఆయన బోటు అంచు మీద రెండు అరచేతులూ ఆన్చాడు. ఒంటి బరువంతా వేసి నొక్కాడు. వదిలి, వంగి, ఆగుతుందేమోనని చూశాడు. మళ్ళీ నొక్కాడు. అక్కణ్ణుంచే నా కోసం వెతికి చెయ్యి ఊపాడు. నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

ఇవతల నేనూ ఊరుకోలేకపోయాను. లారీ మూల మీద రెండు చేతులూ వేసి నొక్కి వదిలాను. దిగింది, లేచింది, ఆగిపోయింది. తలెత్తి చూస్తే, అలల మధ్య ఆయన ఇంకా ఊగుతూనే ఉన్నాడు.